"ప్రూవెన్ పెయిర్" అని పిల్లల ఈకలు పీకే కాకటీల్ జతను అమ్మారు, కొనేవాళ్లు జాగ్రత్త

కాకటీల్స్‌లో (తల మీద తురాయి ఉండే చిన్న చిలుక జాతి) బ్రీడింగ్ జత కొనాలని చూస్తున్నవాళ్లు డబ్బు పంపేముందు ఇది చదవండి. "ప్రూవెన్ పెయిర్ అండీ, ఇప్పటికే పిల్లల్ని తీసిన జత" అని చెప్పి, మామూలు జత కంటే దాదాపు రెట్టింపు ధరకు నాకు అమ్మిన జత గూట్లో సొంత పిల్లల ఈకలే పీకేస్తోంది. ఆ అలవాటు మా ఇంటికొచ్చాక వచ్చింది కాదు. అమ్మినాయనకు ముందే తెలుసు, తెలిసే అమ్మాడు.

మగది గ్రే (బూడిద రంగు), ఆడది లుటినో (లేత పసుపు, తెలుపు రంగుది). రెండూ చూడ్డానికి నిగనిగలాడుతున్నాయి, తిండి బాగా తింటాయి, ఒకదాన్నొకటి వదిలి ఉండవు. పక్షుల వాట్సాప్ గ్రూపులో పరిచయమైన ఇంటి బ్రీడర్ ఆయన. గూడుగా పెట్టే బాక్స్‌లో గుడ్ల వీడియో పంపాడు, పగలు మగది పొదుగుతున్న వీడియో పంపాడు. పిల్లలవి మాత్రం ఒక్కటీ లేవు. అడిగితే "అప్పుడే అమ్ముడుపోయాయండీ, ఫోన్ మార్చాను, ఫొటోలు పోయాయి" అన్నాడు.

మా ఇంట్లో గుడ్లు పెట్టాయి, పొదిగాయి, పిల్లలూ వచ్చాయి. పసుపు నూగుతో, మేత సంచి నిండుగా బాగానే పెరిగాయి. రెండో వారం దాటాక ఈకలు ముళ్లలా పొడుచుకొస్తాయి కదా, అక్కడ మొదలైంది. బాక్స్ తెరిస్తే పెద్ద పిల్లకు తల వెనక అంతా నున్నగా ఉంది. మర్నాటికి మెడ, వీపు కూడా బోడి. రెక్క మీద సగానికి విరిగిన ఈకల మొదళ్లలో రక్తం నల్లగా గడ్డకట్టి ఉంది. చేతిలోకి తీసుకుని వెలుతురులో చూస్తే కాడల చివర్లు నమిలినట్టు చితికిపోయి ఉన్నాయి. పెరుగుతున్న ఈక కాడలో రక్తం పారుతూ ఉంటుంది, విరిగితే కారుతుంది. అంత చిన్న ఒంటికి ఆ కాస్త రక్తమూ ఎక్కువే. చాలా బాధేసింది.

ఫోన్ చేస్తే "లుటినో పిల్లలకు బట్టతల మామూలే అండీ" అన్నాడు. కొత్తవాళ్లయితే నమ్మేస్తారు, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. లుటినోల్లో చాలావాటికి తురాయి వెనక పుట్టుకతోనే ఈకలు ఉండవు. కానీ లుటినో ఆడదాన్ని, ఆ రంగు జీన్ దాగిలేని గ్రే మగదానితో కలిపితే పిల్లలన్నీ గ్రేలే వస్తాయి. నా పిల్లలన్నీ గ్రేలే. పైగా పుట్టు బట్టతల అయితే రక్తం కారదు, వీపు మీదికీ రెక్కల మీదికీ పాకదు. ఈ మాట అనేసరికి "అయితే మౌల్టింగ్ అయ్యుంటుంది" అన్నాడు, అంటే పాత ఈకలు రాలి కొత్తవి రావడం. కాకటీల్‌కు మొదటి మౌల్టింగ్ ఆరు నెలల వయసు ప్రాంతంలో వస్తుంది, గూట్లో కళ్లు తెరిచిన పిల్లకు కాదు. అదీ చెప్పాను. నన్ను బ్లాక్ చేశాడు.

తర్వాత అదే గ్రూపులో ఇంకొకాయన ఫొటో పంపారు. నాకంటే ముందు ఇదే జత పిల్లను కొన్నారట. తల వెనక అచ్చం అదే బోడి. ఆయనకేమో "పిల్లలు ఒకదాన్నొకటి పొడుచుకున్నాయి" అని చెప్పాడట. అంటే అడిగిన ప్రతి ఒక్కరికీ ఒక్కో కథ.

తల్లిదండ్రులు ఇలా ఎందుకు చేస్తాయంటే, చాలాసార్లు కారణం తర్వాతి విడత గుడ్లకు తొందర. పిల్లలు ఇంకా బాక్స్‌లో ఉండగానే వాటిని బయటికి తరమాలని చూస్తాయి. కాకటీల్స్‌లో మగది చేసేవీ ఉన్నాయి, ఆడది చేసేవీ ఉన్నాయి. ఇరుకు బాక్స్, ఉక్కపోత, మేతలో లోపం కూడా దీన్ని పెంచుతాయి. పక్షుల మీద నాకు కోపం లేదు. ఒకసారి పట్టుకున్న ఈ అలవాటు మానడం కష్టం, అందుకే ఇలాంటి జతలను వదిలించుకోవాలని చూస్తారు. అమ్మడం తప్పనను. చెప్పకుండా, అందులోనూ "ప్రూవెన్" అని ఎక్కువ ధరకు అమ్మడం మోసం.

కాబట్టి ఎవరైనా ప్రూవెన్ అంటే, మూడు నాలుగు వారాల వయసు పిల్లలు తల్లిదండ్రులతో బాక్స్‌లో ఉన్న వీడియో అడగండి. పిల్లల తల వెనక, మెడ, వీపు కనిపించాలి. "బాక్స్ తెరిస్తే తల్లి వదిలేస్తుంది" అంటే ఒప్పుకోకండి. మంచి బ్రీడర్లు రోజూ బాక్స్ తెరిచి చూసుకుంటారు. పెద్ద పక్షుల తలలూ వెనకనుంచి చూడండి, కొన్ని జంటలు ఒకదాన్నొకటి కూడా పీక్కుంటాయి. ఇప్పుడు పిల్లలు లేవంటే తర్వాతి విడత దాకా ఆగండి. నన్నడిగితే ఏడాది దాటిన కుర్ర జతను మామూలు ధరకు కొనుక్కోవడమే మేలు.

దుకాణంలో కొంటే 2018 పెట్ షాప్ నిబంధనల ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి, బిల్లు తీసుకోండి. మోసం జరిగితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

ఇప్పటికే ఇలాంటి జత చేతికొచ్చినవాళ్లు ముందు ఏది పీకుతోందో తేల్చుకోండి. బాక్స్ లోపలికి కనిపించేలా ఫోన్ పెట్టి రికార్డ్ చేస్తే తెలిసిపోతుంది. మా ఇంట్లో మగది. మేత పెట్టి, తల నిమురుతున్నట్టే నిమురుతూ ఈక లాగేస్తోంది. దాన్ని జాలీ అడ్డం పెట్టి పక్కకు మార్చాను, ఆడదే మిగతా మేత చూసుకుంది. బయటికొచ్చిన పిల్లలకు జాలీలోంచి మగదీ మేత పెట్టింది. రక్తం కారుతుంటే కార్న్‌ఫ్లోర్ అద్ది మెల్లగా నొక్కి పట్టండి, ఆగకపోతే వెంటనే పక్షుల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మొదలుతో సహా ఊడిన ఈక కొన్ని వారాల్లో మళ్లీ వస్తుంది. మొదలే దెబ్బతింటే రాకపోవచ్చు, మా పెద్ద పిల్ల మెడ మీద ఒకచోట ఇంకా రాలేదు.

ఒక్క విషయంలో మాత్రం ఏమరకండి. తల్లిదండ్రుల ముక్కు అందని చోట కూడా ఈకలు రాలుతున్నా, విడిగా పెట్టాక కూడా వంకర ఈకలే వస్తున్నా, రెక్కల, తోక పెద్ద ఈకలు రెండు వైపులా ఒకేలా ఊడుతున్నా అది పీకుడు కాకపోవచ్చు. పీబీఎఫ్‌డీ (చిలుకల ముక్కు, ఈకలను పాడుచేసే జబ్బు), పాలియోమా లాంటి వైరస్ జబ్బులు కావచ్చు, మిగతా పక్షులకూ అంటుకుంటాయి. ఆ పిల్లను వేరే గదిలో ఉంచి పీసీఆర్ పరీక్ష చేయించండి.

అడ్వాన్స్ ఇచ్చేసినవాళ్లు ఉంటే, మిగతా డబ్బు పంపేముందు పిల్లల వీడియో అడగండి. ఇవ్వనంటే అడ్వాన్స్ పోయినా సరే, ఆ జతను తీసుకోకండి.