ఒక గదా, ఇల్లంతానా?

బెంగళూరు మారతహళ్లిలోని మా ఇంటికి జలుబుతో, కారే కళ్లతో ఉన్న ఒక వీధిపిల్లిని తెచ్చుకున్న రోజు మా వారు, "ఇల్లంతా తిరగనిద్దాం, దానికదే అలవాటుపడుతుంది" అన్నారు. నేను చిన్న గదే మేలన్నాను.

మొదట ఆయన మాటే నెగ్గింది. పిల్లి బీరువా వెనక దూరి రాత్రంతా బయటికి రాలేదు. తిన్నదో లేదో తెలియదు, మందు వేసే దారీ లేదు. ఇది చిన్న విషయం కాదు: కొన్ని రోజులు ఏమీ తినని పిల్లికి కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది.

మర్నాడు చిన్న గదికి మార్చాం. ఒక మూల ఇసుక తొట్టి, ఎదుటి మూల తిండి, నీళ్లు, పక్కకు వాల్చిన అట్టపెట్టెలో నా పాత నూలు చీర. ముక్కు దిబ్బడేసిన పిల్లికి వాసన తెలియదు, వాసన తెలియనిదే ముట్టదు. అందుకని ఉప్పు వేయకుండా ఉడికించిన కోడిమాంసం గోరువెచ్చగా పెట్టాను. మూడో పూటకు గిన్నె అంచు నాకిన గుర్తు కనిపించింది!

ధైర్యం, ఆరోగ్యం ఉన్న పిల్లిని మూసి ఉంచితే తలుపు గీకుతూ అరుస్తుంది. దానికి ఆయన పద్ధతే సరి. ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే మాత్రం చర్చే లేదు, విడి గదే; లేకపోతే దానికీ జలుబు అంటుకుంటుంది.

ఇప్పుడు రాత్రిళ్లు తలుపు ఓరగా ఉంచుతున్నాం. నిన్న సోఫా దాకా వచ్చి, కింద ఆటో హారన్ మోగగానే పెట్టెలోకి పరుగు తీసింది.