పన్నెండు దసరాలు దాటిన కెమెరా: మా మేనత్త చేతిలో కెనాన్ ఏ1300

కొన్న వారానికే సమీక్ష రాసేస్తారు చాలామంది. నాది కాస్త ఆలస్యమైంది. 2012 దసరాకు ముందు కొన్న కెనాన్ పవర్‌షాట్ ఏ1300 గురించి ఇది. డబ్బులు పెట్టింది నేను, వాడింది మా మేనత్త. నల్లగొండ పక్కన ఊళ్ళో ఉంటుంది. చదివింది ఐదో తరగతి. అప్పటికి అరవైకి రెండు తక్కువ. పిల్లలిద్దరూ హైదరాబాద్‌లో, ఇంటి దగ్గర ఆమె, మామయ్య, నాలుగెకరాల బత్తాయి తోట.

ఆమెకు కెమెరా ఎందుకంటే బతుకమ్మల కోసం. సద్దుల బతుకమ్మ నాడు ఊళ్ళో ప్రతి ఇంటికీ పోయి ఎవరు ఎట్లా పేర్చారో చూసి వస్తుంది. "పొద్దుగాల నుంచి కూసోని పేరుస్తరు, రాత్రికి చెర్ల కలిపేస్తరు. ఒక ఫొటో అన్న ఉండద్దా అల్లుడా" అని ఏటా అనేది.

నిజానికి ఏ1300 నేను కొన్న రెండో కెమెరా. అంతకుముందు ఏడాది సన్నగా, నాజూగ్గా ఉన్న టచ్ స్క్రీన్ కెమెరా ఒకటి ఇచ్చాను. కంపెనీ పేరు వద్దులెండి, తప్పు నాది. దుకాణంలో నా చేతికి బాగుందని కొన్నాను. తోటపనితో గట్టిపడ్డ అత్త వేళ్ళకు ఆ స్క్రీన్ పలకలేదు. ఒకసారి నొక్కితే ఊరుకునేది, మళ్ళీ గట్టిగా నొక్కితే ఇంకేదో తెరుచుకునేది. బ్యాటరీ ఆ కంపెనీదే, దాని చార్జర్ వేరే. అప్పట్లో మా ఊళ్ళో కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియాలి. నెలకల్లా అది బీరువాలో చీరల కిందికి చేరింది.

రెండోసారి కోఠి గుజరాతీ గల్లీకి పోయినప్పుడు మెగాపిక్సెళ్ళ ఊసే ఎత్తలేదు. పక్కన ఎవరూ లేనప్పుడు కెమెరా ఆగిపోతే అత్త తనంతట తాను మళ్ళీ నడిపించుకోగలదా? ఈ ఒక్క ప్రశ్నే పెట్టుకుని వెతికాను. ఏ1300లో మామూలు పెన్సిల్ సెల్లులు రెండు పడతాయి. బటన్లు నిజం బటన్లు. పైగా కన్ను పెట్టి చూసే చిన్న కిటికీ, అంటే వ్యూఫైండర్, ఉంది. ఆ ధరలో ఆ కిటికీ ఉన్న కెమెరాలు అప్పటికే అరుదు. ఆరు వేలకు అటూ ఇటూగా పడింది.

ముందు ఆ కిటికీ గురించి చెప్పాలి. అత్తకు దగ్గరి చూపు తక్కువ. వెనక ఉన్న 2.7 అంగుళాల తెర చూడాలంటే కళ్ళజోడు వెతకాలి. పగటిపూట తోటలో ఆ తెర మీద కళ్ళజోడు పెట్టుకున్నా ఏమీ కనిపించదు, మన ఎండ సంగతి తెలిసిందే. కిటికీలోంచైతే జోడు లేకుండానే చూస్తుంది. పైగా కెమెరా మొహానికి ఆని ఉంటుంది కాబట్టి చెయ్యి వణుకు సగం తగ్గింది. దీని లెన్సులో వణుకును సర్దే ఏర్పాటు లేదు, అందుకని ఇది చిన్న విషయం కాదు.

కిటికీకి రెండు తిరకాసులున్నాయి. అందులో కనిపించేదానికంటే ఫొటోలో ఎక్కువ పడుతుంది. మనుషులను తీసేటప్పుడు ఇది మంచిదే, ఎవరి తలా తెగదు. రెండోది, కిటికీ లెన్సుకు పైన ఉంటుంది కదా, మరీ దగ్గరి వస్తువు తీస్తే లెన్సు చూసేది కాస్త కిందికి పోతుంది. మొదటి ఏడాది బతుకమ్మ మీది పసుపు గౌరమ్మను జానెడు దూరం నుంచి తీసింది. అన్నింట్లో తంగేడు పూలు బ్రహ్మాండంగా వచ్చాయి, గౌరమ్మ నెత్తి మాత్రం లేదు. "జానెడు దూరమైతే తెర చూడు, లేకుంటే కిటికీ చూడు" అని చెప్పాను. అది మాత్రం ఎప్పుడూ మరిచిపోలేదు.

సగం నొక్కడం నేర్పడానికి వారం పట్టింది. బటన్ సగం నొక్కి ఆగితే కెమెరా దూరం సరిచూసుకుని రెండుసార్లు కీచుమంటుంది, అప్పుడు పూర్తిగా నొక్కాలి. అత్త మాత్రం మోటర్ స్టార్టర్ నొక్కినట్టు ఒక్క దెబ్బకే నొక్కేసేది, ఫొటో అలుక్కుపోయేది. ఫోకస్ అంటే ఆమెకు పట్టలేదు. చివరికి "తక్కెడ ముల్లు నిలబడినాకనే కదా బియ్యం గుమ్మరిస్తవ్? ఆ కీచుమనుడే ముల్లు నిలబడుడు" అన్నాను. మరుసటి రోజు నుంచి ఫొటోలు నిలబడ్డాయి. ఈ బటన్‌దే ఇంకో సుగుణం: పాత ఫొటోలు చూస్తూ ఎక్కడికి పోయినా సరే, దాన్ని సగం నొక్కితే కెమెరా మళ్ళీ ఫొటో తీయడానికి సిద్ధమవుతుంది. "ఏం అర్థం కాకపోతే పెద్ద బటన్ సగం నొక్కు." మెనూలో తెలుగు లేని లోటు ఈ ఒక్క మాటతో చాలావరకు తీరింది.

సెల్లుల కథ కాస్త పెద్దది. మొదటి నెలలోనే ఫోన్: "అల్లుడా, ఇది అలిగింది. పది ఫొటోలు తీసి కన్ను మూసింది." కిరాణా కొట్లో గోడ గడియారానికి వేసే చవక సెల్లులు తెచ్చి వేసింది. గడియారానికి బొట్టుబొట్టుగా కరెంటు చాలు. కెమెరాకు లెన్సు ముందుకు రావాలన్నా, ఫ్లాష్ నిండాలన్నా ఒక్కసారిగా ఎక్కువ కావాలి. చవక జింక్ సెల్లులు అంత ఇవ్వలేవు. ఆల్కలైన్ వేస్తే ఆమె వాడకానికి నెలన్నర వచ్చేవి. తర్వాత నేను సాన్యో వాళ్ళ ఎనెలూప్ రీచార్జి సెల్లులు రెండు జతలు, చార్జరు తెచ్చిచ్చాను. వీటి గొప్పేమిటంటే, చార్జి చేసి నెలల తరబడి పక్కన పెట్టినా పెద్దగా దిగిపోవు. ఏడాదికి నాలుగు పండుగలు, రెండు పెళ్ళిళ్ళు తీసే మనిషికి కావలసింది అదే. నిండిన జతకు రబ్బరు బ్యాండు, అయిపోయినదానికి లేదు: ఈ లెక్క అత్తే కనిపెట్టింది.

ఒక ఎండాకాలం మాత్రం ఆల్కలైన్ సెల్లులు లోపలే వదిలేస్తే కారి, తెల్లటి బూజులాంటిది పట్టింది. అది క్షారం కాబట్టి నిమ్మరసంలో కొద్దిగా ముంచిన దూదిపుల్లతో తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ సెల్లులు వేస్తే పని చేసింది. వాడనప్పుడు సెల్లులు తీసి పెట్టమన్నాను. అక్కడ ఇంకో చిక్కు. సెల్లులు తీసి మూడు వారాలు దాటితే కెమెరా తేదీ మరిచిపోతుంది, ఆన్ చేయగానే తేదీ పెట్టమని అడుగుతుంది. అత్త బాణం గుర్తులు అటూ ఇటూ నొక్కి సరే అనేసింది. ఫొటో మీదే తేదీ పడేలా నేనే పెట్టి ఉంచాను, ఒకసారి పడితే అది పోదు. అందుకే ఆ ఏడు మా ఊరి బతుకమ్మలన్నీ మార్చి నెలలో ఆడినట్టున్నాయి. ఇప్పుడు ఆ తేదీ అచ్చు తీసేశాను. ఫొటో వెనక పెన్నుతో రాసుకుంటుంది.

రాత్రి ఫొటోలు దీనితో కావు, ఆశ పెట్టుకోవద్దు. ఫ్లాష్ మూడు మీటర్ల దాకానే. చెరువు కట్ట మీద ఆడేవాళ్ళను తీస్తే ముందున్న ఇద్దరు సున్నం కొట్టినట్టు, మిగతా అంతా చీకటి. అత్త దానికీ దారి కనిపెట్టింది. పొద్దు గూకకముందే ఇంటింటికీ పోయి, బతుకమ్మను వాకిట్లోకి తెప్పించి తీస్తుంది. ఊళ్ళో ఆడవాళ్ళు ఆమె వచ్చేదాకా బతుకమ్మ ఎత్తరని మామయ్య ఎగతాళి చేస్తాడు.

ఫ్లాష్ వల్ల ఇంకోచోట భలే అయింది. పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది కదా, గర్భగుడిలో పగలంతా స్తంభం నీడ ఒకటి కదలకుండా నిలిచే గుడి. అత్త ఆ నీడను తీయాలని పోయింది. తీసిన ఆరు ఫొటోల్లో లింగం ఉంది, గోడ ఉంది, నీడ లేదు. చీకటిగా ఉందని కెమెరా తనంతట తాను ఫ్లాష్ వేసి, వచ్చిన నీడనే చెరిపేసింది! "నేను పోతే సామి నీడ దాసుకున్నడు" అని చెప్పుకుంటూ తిరిగింది పాపం. తర్వాత తీసుకుపోయి, కుడివైపు బటన్ నొక్కి మెరుపు గుర్తు మీద గీత వచ్చేలా చేసి, కెమెరాను రాతి స్తంభానికి ఆనించి తీయమన్నాను. కొద్దిగా మసకే, కానీ నీడ ఉంది. అది ఇప్పుడు వాళ్ళ దేవుడి గూట్లో ఉంది.

కార్డు సంగతి క్లుప్తంగా. 4 జీబీది ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నిండలేదు, ఏడాదికోసారి నేను లాప్‌టాప్‌లోకి ఎక్కించుకుంటాను. ఒక పెళ్ళిలో "కార్డు తాళం పడ్డది" అని ఫోన్ చేసింది. ప్రింట్లకు ఇచ్చినచోట కార్డు పక్కనున్న బుడిపె జరిగింది, అంతే. కోసిన మూల వైపుకు గోటితో జరిపితే తాళం పోతుంది.

ప్రింట్ల విషయం దుకాణాల్లో ఎవరూ చెప్పరు. ఈ కెమెరా ఫొటో నిష్పత్తి 4:3. మనం వేయించే నాలుగు-ఆరు సైజు కాగితం 3:2. కాగితం నిండా వేస్తే అడ్డం ఫొటోల ఎత్తులో తొమ్మిదో వంతు ఎగిరిపోతుంది. వరసగా నిల్చోబెట్టి తీసిన చుట్టాల పాదాలన్నీ మాయమయ్యాక మాకు తెలిసింది. పక్కన తెల్ల అంచు వచ్చినా సరే, ఫొటో మొత్తం వేయమని అడగాలి.

ఇంతలో స్మార్ట్‌ఫోన్ వచ్చింది, కూతురు కొనిచ్చింది. దాంట్లో ఫొటోలు ఇంతకంటే బాగా వస్తాయి, రాత్రివైతే చెప్పనక్కర్లేదు. వీడియో కాల్ దాంట్లోనే. కానీ ఫొటో తీయబోతుంటే ఫోన్ మోగుతుంది, మనవడు కార్టూన్ల కోసం లాక్కుంటాడు. కెమెరా ఎవరూ లాక్కోరు.

ఇప్పుడు ఇలాంటిది కొనాలంటే కష్టమే. ఏ1300 ఎప్పుడో ఆగిపోయింది, పాతవాటిలో వెతకాలి. కొడాక్ పేరుతో వచ్చే పిక్స్‌ప్రో ఎఫ్‌జెడ్45లో పెన్సిల్ సెల్లులు పడతాయి, కానీ కన్ను పెట్టే కిటికీ లేదు. పాతది కొంటే సెల్లుల గది మూత తెరిచి, తుప్పుందేమో, గొళ్ళెం బిగుతుగా పడుతుందో లేదో మొదట చూడండి.

మాదానికి ఆ గొళ్ళెం లేదు. రెండేళ్ళ కింద మనవడు అరుగు మీద నుంచి కింద పడేస్తే విరిగింది. సెల్లులకు చుట్టే రబ్బరు బ్యాండే ఇప్పుడు కెమెరాకు చుట్టింది అత్త. కొత్తది చూడమంటావా అని మొన్న అడిగితే, "దీనికేమైంది?" అని బ్యాండు సరిచేసి, "జరుగు, బతుకమ్మకు ఎండ అడ్డమొస్తున్నవ్" అంది.