‘ఏడాది పాటు ఇంటికొచ్చి చూసుకుంటాం’ అనే ప్యాకేజీ కొనే ముందు ఇది చదవండి

అక్కలారా, చెల్లెళ్లారా,

హైదరాబాద్‌లో బాటమ్ సర్జరీ (ట్రాన్స్ మహిళలకు యోని ఏర్పరిచే ఆపరేషన్) అయినవాళ్ల కోసం, తేదీ తీసుకుని రోజులు లెక్కపెట్టుకుంటున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. సర్జరీ తర్వాత ఏడాది పాటు ఇంటికి నర్సును పంపుతాం, డైలేటర్లు (కొత్త దారి మూసుకుపోకుండా లోపల పెట్టుకునే కడ్డీలు), జెల్లీ, మచ్చల క్రీము అన్నీ మేమే ఇస్తాం అని ప్యాకేజీ అమ్మేవాళ్ల దగ్గర నేను 62 వేలు పోగొట్టుకున్నాను. డబ్బు మళ్లీ సంపాదించుకోవచ్చు. కానీ వాళ్ల మాట విని తొమ్మిది రోజులు డైలేషన్, అంటే డైలేటర్లు పెట్టుకోవడం, ఆపేశాను. ఆ తొమ్మిది రోజుల్లో పోయిన లోతు ఇప్పటికీ పూర్తిగా తిరిగి రాలేదు. కేసు నడుస్తోంది కాబట్టి వాళ్ల పేరు రాయడం లేదు. రాసినా పెద్దగా ఉపయోగం లేదు, ఈపాటికి పేరు మార్చేశారు.

నా సర్జరీ 2025 ఫిబ్రవరిలో అయింది. మన నగరంలో ట్రాన్స్‌జెండర్ల కోసం 2021లో మొదలైన మిత్ర్ క్లినిక్ అంతకు ముందు నెలే మూతపడింది. అమెరికా నిధులు ఆగిపోవడం వల్ల అలా జరిగింది. హార్మోన్ల దగ్గర్నుంచి మనసులో భయం దాకా ఏదున్నా నేను అక్కడికే వెళ్లి అడిగేదాన్ని. టాటా ట్రస్ట్స్ సాయంతో సబ్‌రంగ్ పేరుతో అది మళ్లీ తెరుచుకున్నది కొన్ని నెలల తర్వాత. సరిగ్గా ఆ మధ్యకాలంలో, కాథెటర్‌తో (మూత్రం గొట్టంతో) మంచం మీద ఉన్నప్పుడు, ఈ ప్యాకేజీ వాళ్ల ప్రకటన నా ఫోన్‌లోకి వచ్చింది. ఫోన్ ఎత్తిన అమ్మాయి ‘అక్కా, మీరేం టెన్షన్ పడకండి, ఆరు వారాల్లో మామూలు మనిషి అయిపోతారు’ అంది. అడగడానికి ఇంకెవరూ లేక నమ్మాను. 45 వేలు అడ్వాన్స్ ఆ రాత్రే యూపీఐలో పంపాను, మిగతాది రెండు వారాలకు కట్టాను.

ఆ ‘ఆరు వారాలు’ అనే మాట దగ్గరే నేను ఆగి ఉండాల్సింది. ఆరు వారాలకు పైకి కనిపించే కుట్లు చాలావరకు మానతాయి, మెల్లగా పనుల్లోకి వెళ్లొచ్చు, అంతే. వాపు పూర్తిగా తగ్గి అసలు ఆకారం తెలియడానికి ఏడాది దాకా పడుతుంది. నరాలు రోజుకు దాదాపు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతాయి. అందుకే స్పర్శ నెలల తరబడి కొంచెం కొంచెంగా వస్తుంది. మధ్యలో కరెంటు కొట్టినట్టు జివ్వుమంటే భయపడిపోకండి, చాలామందికి అలాగే ఉంటుంది. మచ్చ గట్టిదనం పోయి రంగు తేలడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర. డైలేషన్ అయితే మొదటి మూడు నెలలు రోజుకు రెండు మూడు సార్లు, తర్వాత మెల్లగా తగ్గిస్తూ, ఆ పైన వారానికి ఇన్నిసార్లని జీవితాంతం. ఎవరి షెడ్యూలు వాళ్ల సర్జన్ రాసిచ్చిందే. దీన్నంతా ఆరు వారాల్లోకి కుదించి చెప్పేవాళ్లకు ఈ పని తెలియదు, లేదా తెలిసే అబద్ధం చెబుతున్నారు.

ఇరవైసార్లు వస్తామన్న నర్సు నాలుగుసార్లే వచ్చింది. నాలుగుసార్లూ వేరే వేరే మనుషులు. మొదటి ఇద్దరూ డ్రెస్సింగ్ బాగానే మార్చారు, ఆ మాట చెప్పకపోతే తప్పు. మూడోసారి వచ్చిన అమ్మాయికి డైలేషన్ అంటే ఏమిటో తెలియదు. అది ఐదో వారం. నొప్పిగా ఉంది, కొంచెం రక్తపు మరక కనిపిస్తోంది అని చెప్పాను. ఆమె ఎవరికో ఫోన్ చేసి, ‘నొప్పి పోయేదాకా ఆపేయమంటున్నారు మేడమ్, లోపల పుండు మానాలి కదా’ అంది. వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి. గాయాన్ని కదపకపోతే మానుతుందని మన ఇళ్లలో అందరూ అంటారు. మా అమ్మ కూడా అదే అంది. బాలింతకు చేసినట్టు నాకు పథ్యం వండి పెట్టిన మనిషి, ఆవిడకేం తెలుసు! కానీ ఇక్కడ మానడం అంటే లోపలి గోడలు బిగుసుకుని దగ్గరికి రావడం కూడా. తెరిచి ఉంచకపోతే అవి మూసుకుపోతూనే ఉంటాయి.

పదో రోజు మళ్లీ మొదలుపెడితే ముందు వాడిన సైజు సగం దాకా కూడా వెళ్లలేదు. ఆటోలో ఉప్పల్ నుంచి సర్జన్ దగ్గరికి వెళ్తూ, ప్రతి గుంతకీ పళ్లు బిగబట్టి, దారంతా ఏడుస్తూనే ఉన్నాను. ఆయన తిట్టలేదు. లోపల దుర్మాంసం పెరిగింది, రక్తం దాని వల్లే, ఇది మామూలుగా వచ్చేదే అన్నారు. దాన్ని మాడ్చే సిల్వర్ నైట్రేట్ మందు ఓపీలోనే అద్దారు. రెండు వారాలకోసారి మూడు సిట్టింగులతో అది పోయింది. అంటే నేను ఐదో వారంలోనే ఆయనకు ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది.

తర్వాత ఆయన నా డైలేటర్లు చూపించమన్నారు. ప్యాకేజీ డబ్బాలో వచ్చినవి. ఒక పక్క పొడుగునా అచ్చు అతుకు గీత ఉంది, వేలితో రాస్తే తగులుతుంది. రబ్బరు వాసన. సబ్బునీళ్లలో కడిగితే నీళ్లు గులాబీ రంగుకు తిరిగేవి. లోతు కొలిచే గీతలు లేవు. డబ్బా మీద తయారుచేసినవాళ్ల పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు, ఎమ్మార్పీ ఏవీ లేవు. డబ్బాలో పెట్టి అమ్మే ఏ వస్తువు మీదైనా తయారీదారు లేదా దిగుమతిదారు చిరునామా, ఎమ్మార్పీ, ఫిర్యాదుకు నంబరు ఉండాలని చట్టమే చెబుతోంది. ఒళ్లు లోపలికి వెళ్లే వస్తువు మీద అవి లేకపోతే తిప్పి పంపేయండి. జెల్లీ అని ఇచ్చింది సువాసన కలిపిన నూనె. మనకు కావాల్సింది వాసన లేని, నీటి ఆధారిత జెల్లీ. అది కోఠి మెడికల్ షాపుల్లో మామూలుగా దొరుకుతుంది. సిలికాన్ డైలేటర్ల మీద సిలికాన్ జెల్లీ వాడొద్దు, పైపొర పాడవుతుంది.

ఇంకోటి కూడా చెప్పాలి, ఇది నాకంటే వయసులో చిన్నవాళ్లకు ఎక్కువ ప్రమాదం. ‘సర్జరీ అయిపోయింది కదా, ఇక హార్మోన్లు అక్కర్లేదు, మా కొలాజెన్ పౌడర్ వాడండి’ అని నాకు చెప్పారు. దయచేసి ఎవరూ నమ్మకండి. వృషణాలు తీసేశాక ఒంట్లో తయారయ్యే హార్మోను దాదాపు ఉండదు. మందు కూడా మానేస్తే ఎముకలు గుల్లబారతాయి. ఆపాలన్నా, డోసు మార్చాలన్నా ఎండోక్రైనాలజీ (హార్మోన్ల) డాక్టరే చెప్పాలి. డబ్బులు లేవనుకుంటే ఉస్మానియాలో ఆ విభాగం ఓపీ ఉంది.

మీరు ఇప్పటికే ఎవరికైనా అడ్వాన్స్ కట్టి ఉంటే, వచ్చే నర్సు ఎవరు, రిజిస్ట్రేషన్ నంబరు ఎంత, ఇంతకు ముందు ఎవరి దగ్గర డైలేషన్ చూసుకుంది అని ఈరోజే రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే రెండో వాయిదా కట్టొద్దు. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు డిశ్చార్జి సమ్మరీలో డైలేషన్ షెడ్యూలు, వాడాల్సిన సైజులు, రాత్రి పూట ఫోన్ చేయాల్సిన నంబరు రాయించుకోండి. రాయలేదా, రికార్డులు అడగండి. అడిగిన 72 గంటల్లో డాక్టరు ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ నిబంధన ఉంది. జ్వరం, చెడు వాసనతో చీము, ప్యాడ్ తడిసేంత రక్తం, మూత్రం ఆగిపోవడం, ముందు దారి నుంచి గాలి గానీ మలం గానీ రావడం, వీటిలో ఏది కనిపించినా ఏ ప్యాకేజీ వాళ్లకూ ఫోన్ చేస్తూ కూర్చోకండి. తిన్నగా సర్జన్ దగ్గరికి, ఆయన అందకపోతే దగ్గర్లోని పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. సిగ్గుపడి రెండు రోజులు ఆగిన ఒక చెల్లి తర్వాత ఎన్ని నెలలు బాధపడిందో నేను దగ్గరుండి చూశాను.

నేను డబ్బు అడిగితే మొదట ‘మేనేజర్ ఊళ్లో లేరు’ అన్నారు, తర్వాత నంబరు స్విచాఫ్. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోయేసరికి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఆన్‌లైన్‌లో కేసు వేశాను. 5 లక్షల లోపు మొత్తానికి ఫీజు లేదు, లాయరు లేకుండా మనమే వేసుకోవచ్చు, రెండేళ్ల లోపు వేయాలి. ఫారం నింపేటప్పుడు ఏం సర్జరీ అని రాయాల్సి వస్తుందని చాలా రోజులు వెనకాడాను. చివరికి రాశాను. ప్యాకేజీ చాటింగ్, యూపీఐ రసీదులు, డైలేటర్ల ఫొటోలు, సర్జన్ ఓపీ చీటీలు అన్నీ జతచేశాను. మీరు కూడా ఆ డబ్బా పారేయకుండా దాచండి.

ఇప్పుడు నాకు పద్నాలుగో నెల. రోజూ పొద్దున ఒకసారి డైలేషన్ చేస్తున్నాను, మంచి సెట్టు కొనుక్కున్నాను, లోతు కొంత వెనక్కి వచ్చింది. పోయిన వారం వాళ్ల ప్రకటన మళ్లీ కనిపించింది, కొత్త పేరుతో. ఫొటోలు మాత్రం పాతవే: తెల్ల దుప్పటి మీద గులాబీ రంగు డబ్బా, పక్కన ఐదు డైలేటర్లు, కింద ‘ఆరు వారాల్లో మామూలు జీవితం’ అని. అది మీకు పంపినవాళ్లు ఎవరైనా సరే, పైసా కట్టకండి.