పురాణాల వెంట గ్రీసు: డెల్ఫీ, ఎలెఫ్సినా, ఎపిడారస్

గ్రీసు వెళ్ళే మనవాళ్ళు చాలామంది ఏథెన్స్‌లో అక్రోపోలిస్ చూసేసి సాంటొరినీ ఫెర్రీ ఎక్కేస్తారు. ఆ దీవి అందం గురించి పేచీ లేదు. కానీ గ్రీకు దేవుడు అపోలో, పంటల దేవత డిమీటర్ కథలు ఇష్టపడి వెళ్ళేవాళ్ళకు ఆ రూటులో దొరికేది తక్కువ. అందుకే మేం దీవుల జోలికి పోలేదు.

ముందు అపోలో గుడి ఉన్న డెల్ఫీ. ఏథెన్స్‌లోని లియోసియన్ బస్టాండు నుంచి సుమారు మూడు గంటలు. పొద్దున వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చే ప్యాకేజీలు బోలెడున్నాయి గానీ, వాటి జోలికి పోకండి. ఆ గుంపులన్నీ ఒకే సమయానికి దిగుతాయి, మ్యూజియంలో రథసారథి కంచు విగ్రహం చుట్టూ మోచేతుల యుద్ధమే. రాత్రికి ఊళ్ళోనే ఉండిపోతే పొద్దున్నే నడిచి వెళ్ళి గుడి దగ్గర ప్రశాంతంగా తిరగొచ్చు. మేం దిగిన చిన్న హోటల్లో లిఫ్టు లేదు, మెట్లు నిటారుగా ఉన్నాయి, వేడినీళ్ళు వస్తూ పోతూ ఉన్నాయి. బాల్కనీలోంచి లోయంతా పరుచుకున్న ఆలివ్ తోటలు, ఆ చివర సముద్రం కనిపిస్తుంటే ఫిర్యాదు చెయ్యబుద్ధి కాలేదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మాత్రం గది ఏ అంతస్తులో ఉందో ముందే అడగాలి.

ఇక్కడ అపోలో పైథాన్ అనే మహాసర్పాన్ని చంపి, ఆ పాపానికి ప్రాయశ్చిత్తం చేసుకున్నాడని కథ. వినగానే వృత్రుణ్ణి చంపి తామరతూడులో దాక్కున్న ఇంద్రుడు గుర్తొస్తాడు. మాతో ఉన్నాయన 'అదే కథ, పేర్లే వేరు' అని తేల్చేసి ఫొటోలకు వెళ్ళిపోయాడు. నాకు మాత్రం పోలిక ఆగిపోయిన చోటే అసలు సంగతి మొదలైందనిపించింది. డెల్ఫీలో ఆ ప్రాయశ్చిత్తాన్ని కొన్నేళ్ళకోసారి నిజంగా జరిపేవాళ్ళు. ఒక కుర్రాడు అపోలో దారినే ఉత్తరాన టెంపే లోయ దాకా వెళ్ళి లారెల్ చెట్టు కొమ్మతో తిరిగొచ్చేవాడు. ఇంకా విచిత్రం, చలికాలం మూడు నెలలు అపోలో ఊళ్ళో ఉండడు, ఆ గుడి డయోనిసస్‌ది. క్రమశిక్షణకు మారుపేరైన దేవుడూ, మత్తుకూ పూనకానికీ దేవుడూ ఒకే గుడిని వంతులేసుకున్నారన్నమాట. పోలికలతోనే సరిపెట్టుకుంటే ఇది కంటబడదు.

ఎలెఫ్సినా ఏథెన్స్‌కు పడమట ఇరవై కిలోమీటర్ల పైన, సిటీ బస్సులోనే వెళ్ళొచ్చు. ఏథెన్స్ నుంచి ఇక్కడి డిమీటర్ గుడికి సాగిన పాత ఊరేగింపు దారికి ఇప్పటికీ ఇయెరా ఓడోస్, అంటే పవిత్ర మార్గం, అనే పేరుంది. దారి పొడుగునా గోడౌన్లు, ఆయిల్ రిఫైనరీలు, అందం వెతక్కండి. పాతాళానికి వెళ్ళిన కూతురు పెర్సెఫొనీ కోసం డిమీటర్ పంటలు ఆపేసి ఏడ్చింది ఇక్కడేనట. కూతురు వసంతంలో తిరిగొస్తుందని పాత స్తోత్రం చెబుతుంది. కానీ ఇక్కడ గోధుమ, బార్లీ శరదృతువులో చల్లుతారు, వేసవి మొదట్లో కోస్తారు. కాబట్టి కూతురు లేని నెలలంటే మండువేసవే అని కొందరు పండితుల వాదన. ఆగస్టు ఎండలో, కాలికింద గడ్డి కరకరలాడుతుంటే ఆ వాదన కొట్టిపారేయలేం.

ఈ ఊరి మ్యూజియంలో తలమీద బుట్ట మోస్తున్న స్త్రీ విగ్రహం ఒకటుంది. దీని జంట విగ్రహాన్ని 1801లో క్లార్క్ అనే ఆంగ్లేయుడు పట్టుకుపోయాడు. ఇప్పుడది కేంబ్రిడ్జిలో ఉంది. అప్పటికి ఊరివాళ్ళు క్రైస్తవులై ఎన్నో తరాలైంది. అయినా పండగలప్పుడు ఆ విగ్రహం ముందు దీపం పెట్టేవాళ్ళు, చుట్టూ ఎరువు కుప్ప పోసేవాళ్ళు. అది పోతే పంటలు పోతాయని వాళ్ళ భయం. తీసుకెళ్ళే ముందు సాయంత్రం ఓ ఎద్దు తాడు తెంచుకొచ్చి విగ్రహాన్ని కుమ్మిందట, దాంతో ఊరంతా బెదిరిపోయింది. తర్వాత ఓడ ఇంగ్లండు తీరంలో పగిలింది, విగ్రహం మాత్రం దొరికింది. ఇదంతా క్లార్కే రాసుకున్నాడు. అతనికి వాళ్ళది మూఢనమ్మకం. గ్రీకు దేవతల గురించి చదవాల్సినవన్నీ చదివిన మనిషి, ఎదురుగా ఆ దేవతకు దీపం పెడుతున్నవాళ్ళను ఒక్క ప్రశ్న అడిగినట్టు కనపడదు.

ఎపిడారస్ ప్రయాసతో కూడిన పని. దగ్గర్లోని నాఫ్ప్లియో ఊళ్ళో బస చేసి బస్సులో వెళ్ళాం. సర్వీసులు తక్కువ, తిరుగు బస్సు తప్పితే టెన్షనే. కారు అద్దెకు తీసుకోవడం మేలు. అందరూ నాటకశాల మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టి వెళ్ళిపోతారు. మీరు అక్కడి చిన్న మ్యూజియం వదలొద్దు. రోగులు వైద్యదేవుడు అస్క్లేపియస్ గుడిలో నిద్రపోతే దేవుడు కలలో నయం చేస్తాడని నమ్మకం, ఆ స్వస్థతల కథలు చెక్కిన రాళ్ళు అందులో ఉన్నాయి. ఆ కథల్లో ఒకటి: ఒక కన్ను కనిపించని ఏథెన్స్ స్త్రీ ఈ స్వస్థతల సంగతులు చూసి నమ్మక నవ్విందట. దేవుడు కలలోకొచ్చి నయం చేస్తానన్నాడు, కానీ నీ అజ్ఞానానికి గుర్తుగా వెండి పంది సమర్పించాలని షరతు పెట్టాడు. నమ్మనివాళ్ళ కథను కూడా గుడివాళ్ళే రాతిమీద చెక్కించారు చూడండి.

చలికాలంలో ఇలాంటి చోట్లు చాలా వరకు మధ్యాహ్నం మూడున్నరకే మూసేస్తారు, సెలవు రోజులూ ముందే చూసుకోండి. టైం తక్కువుంటే ఎపిడారస్ వదిలేయండి, డెల్ఫీలో ఒక రాత్రి ఉండండి, ఎలెఫ్సినాకు మాత్రం ఒక పూట కేటాయించండి.