లేకాక్, క్యాసిల్ కూమ్: ఉండడానికి ఏ ఊరు మేలు?

ఇంగ్లండులోని విల్ట్‌షైర్‌లో, చిప్పెన్‌హామ్ పట్టణానికి చేరువలో ఉన్న లేకాక్, క్యాసిల్ కూమ్ అనే రెండు గ్రామాలు పాత రాతి ఇళ్ల అందంలో ఒకదానికొకటి తీసిపోవు. తేడా అంతా యాజమాన్యంలో ఉంది. 1944లో లేకాక్ మఠం యజమానురాలు మటిల్డా టాల్బట్ ఆ మఠంతో పాటు ఊరిలో అధిక భాగాన్ని వారసత్వ కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థకు దానమిచ్చారు కనుక, అక్కడి ఇళ్లలో చాలావరకు ఆ సంస్థ అద్దెకిచ్చేవే. క్యాసిల్ కూమ్ మాత్రం 1947లో వేలానికి వచ్చి, ఇళ్లు సొంతదారుల చేతికి వెళ్లాయి.

వారసత్వం విషయంలో నా మొగ్గు లేకాక్ వైపే. 13వ శతాబ్దంలో సాలిస్‌బరీ కౌంటెస్ ఈలా స్థాపించిన ఆ మఠంలోని ఒక కిటికీని 1835లో ఛాయాచిత్ర కళకు ఆద్యుల్లో ఒకరైన విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ కెమెరాతో ఫొటో తీశారు. నేటికి మిగిలిన కెమెరా నెగటివులలో అదే అత్యంత పురాతనమైనది. ఇంత చిన్న పల్లె ఛాయాచిత్ర కళకే పుట్టినిళ్లలో ఒకటి కావడం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. క్యాసిల్ కూమ్‌కు ఒకనాటి ఉన్ని నేత తెచ్చిన వైభవం, బైబ్రుక్ వాగు, పాత సంత స్థలాన్ని సూచించే మార్కెట్ క్రాస్ అనే రాతి కట్టడం, సెయింట్ ఆండ్రూ చర్చిలోని ముఖఫలకం లేని గడియారం ఉన్నాయి.

రెండు చోట్లా పర్యాటకుల తాకిడి ఎక్కువే. అయినా ప్రాథమిక పాఠశాల ఊరిలోనే ఉన్నందున, పిల్లలున్న కుటుంబానికి నేను లేకాక్‌నే సూచిస్తాను. సొంత ఇల్లు కొనుక్కోవాలనుకునేవారికి క్యాసిల్ కూమ్ నయం.