ముఖం మాటల ఫ్లాష్ కార్డులు: మొదటి సగం కొనొచ్చు, రెండో సగం దిద్దుకోవాలి

పెట్టెలో 48 కార్డులు. 24 ముఖభాగాలవి, 24 హావభావాలవి. ధర 349 రూపాయలు. అట్ట మందంగా ఉంది, మూలలు గుండ్రంగా కోశారు, పైన నున్నటి లామినేషన్. ఒక వైపు బొమ్మ, రెండో వైపు తెలుగు మాట, దాని కింద ఇంగ్లిష్ మాట. నాలుగేళ్ల పిల్లల నుంచి, విదేశాల్లో శని, ఆదివారాలు తెలుగు క్లాసులకెళ్లే పిల్లల దాకా అందరికీ పనికొస్తాయని పెట్టె మీద రాశారు.

భాగాల కార్డులు మొత్తమ్మీద బాగున్నాయి. కంటిపాప, కనురెప్ప, ముక్కుదూలం, ముక్కుపుటాలు, చెవితమ్మె విడివిడిగా ఇచ్చారు. నోరు బాగా తెరిచిన బొమ్మలో కొండనాలుక కూడా ఉంది. చిక్కొచ్చింది బుగ్గ దగ్గర. బుగ్గకీ చెంపకీ ఒకే బొమ్మ వేసి, బాణం కూడా ఒకే చోట పెట్టారు. నోట్లో గాలి నింపితే ఉబ్బేది బుగ్గ; గిల్లేదీ, సొట్టపడేదీ అదే. చెంప అంటే కణత నుంచి దవడ దాకా చెవి ముందుండే పక్కభాగం. వయసొస్తే చెంపలు నెరుస్తాయంటాం, బుగ్గలు నెరుస్తాయనం కదా! కణతకైతే అసలు కార్డే లేదు. గడ్డం కార్డు మీద గుబురుగా పెంచిన పెద్దాయన్ని గీశారు. తెలుగులో వెంట్రుకలూ గడ్డమే, కింది భాగమూ గడ్డమే కాబట్టి తప్పనలేం గానీ, ఆ బొమ్మ చూసిన పిల్ల తనకి గడ్డమే లేదనుకుంటుంది.

మాట రూపం మారే తీరు ఎక్కడా చూపలేదు. కార్డులో ‘నుదురు’ అని చదివిన పిల్లలు ‘నుదురు మీద బొట్టు’ అనేస్తారు. ‘నుదుటి మీద’ అనాలి. నుదురు–నుదుటి, నోరు–నోటి, కన్ను–కంటి–కళ్లు, పన్ను–పంటి–పళ్లు. వెనకవైపు సగం ఖాళీయే, ఈ రూపాలు పర్మనెంట్ మార్కర్‌తో రాసుకోండి. రాశాక కాసేపు ఆరనివ్వాలి, వెంటనే దొంతి పెడితే సిరా పక్క కార్డుకి అంటుకుంటుంది. తప్పు పడితే రెండు చుక్కల శానిటైజర్‌తో తుడిస్తే పోతుంది.

ఇక హావభావాలు. వీటిని ముందు ఇంగ్లిష్‌లో రాసుకుని తెలుగు చేశారని మొదటి ఆరు కార్డులకే తెలిసిపోతుంది: ఆనందం, విచారం, కోపం, భయం, ఆశ్చర్యం, జుగుప్స. అమెరికన్ మనస్తత్వవేత్త పాల్ ఎక్మన్ చెప్పిన ఆరూ ఇవే. మనసులో ఏముందో చెప్పడానికి ఈ మాటలు చాలు. ముఖం మీద ఏం జరుగుతోందో చెప్పాలంటే తెలుగు క్రియ పట్టుకుంటుంది. కోపం కార్డులో కుర్రాడు పళ్లు కొరుకుతున్నాడు, కళ్లెర్రజేస్తున్నాడు. ఆశ్చర్యం కార్డులో పిల్ల నోరు వెళ్లబెట్టింది. రాయాల్సిన మాటలు అవీ. ఇక ఐదేళ్ల పిల్లకి ‘జుగుప్స’ ఎందుకు? డాన్సు క్లాసులో నవరసాలప్పుడు ఎలాగూ వస్తుంది. ఇక్కడ ‘ముఖం చిట్లించింది’ అంటే సరి.

ఒక్క మూతితోనే ఎన్ని పనులో చూడండి. పెదాలు ముందుకొచ్చి బుగ్గలు కాస్త పొంగితే బుంగమూతి. పెదాలు బిగించి దగ్గరికి లాక్కుంటే మూతి ముడుచుకోవడం. ఒక పక్కకి వంకర తిప్పితే మూతి విరుపు, అందులో అలక కన్నా చులకన ఎక్కువ. సెట్‌లో బుంగమూతి ఒక్కటే ఉంది. బొమ్మ మాత్రం అన్నిట్లోకీ చక్కగా కుదిరింది.

రెండు కార్డులు పక్కన పెట్టేయండి. భయానికి రెండో కార్డుగా ‘తెల్లముఖం’ ఇచ్చారు. తెల్లముఖం వేసేది ప్రశ్న అర్థంకానివాడు, జవాబు తెలియనివాడు. భయానికి ముఖం పాలిపోతుంది. ‘ముఖం చాటేయడం’ కార్డులో పిల్ల అరచేతులతో ముఖం కప్పుకుంది. ముఖం చాటేసేవాడు అసలు మన కంటపడితే గదా!

నవ్వు కార్డులు రెండే, నవ్వు, చిరునవ్వు. ముసిముసి నవ్వు లేదు, ఇకిలింపు లేదు. రెండు బొమ్మల్లోనూ నోరే వంచారు, కళ్లు మామూలుగా వదిలేశారు. మనసారా నవ్వితే కంటి చుట్టూ ఉండే కండరం కూడా ముడుచుకుంటుందని ఫ్రెంచి వైద్యుడు డుషెన్ 1862లోనే రాశాడు. నోటి భాగాన్ని కాగితంతో మూసి చూడండి: నవ్వు కార్డూ విచారం కార్డూ ఒకేలా ఉంటాయి. కళ్లకి ఇంత తక్కువ పని చెప్పిన సెట్‌తో ‘నోటితో పలకరించి నొసటితో వెక్కిరించడం’ ఎలా నేర్పుతాం?

కొనేసి ఉంటే ఇలా వాడండి. హావభావాల కార్డుల వెనక తెల్ల స్టిక్కర్ అంటించి, మాట క్రియలో రాయండి. భావాన్ని బట్టి కాకుండా భాగాన్ని బట్టి దొంతులు కట్టండి: కళ్లవి, మూతివి, నొసటివి. రోజుకి ఒక దొంతిలోంచి మూడు చాలు, చేతికి అద్దమివ్వండి. ‘ఇదేంటి?’ అని అడిగితే ‘కోపం’ అని ఊరుకుంటారు, ‘ఏం చేస్తున్నాడు?’ అనడగండి, ‘గుడ్లురుముతున్నాడు’ వస్తుంది.

భాగాల 24 కార్డులు విడిగా 180కి దొరికితే కళ్లు మూసుకుని కొనొచ్చు. ప్రస్తుతానికి విడిగా అమ్మడం లేదు.