గాజు మూత ఉన్న కోహిబా పెట్టె కొనేముందు ఇది చదవండి

రకరకాల సిగార్లు కాల్చి పోల్చి చూసుకునే అలవాటున్న వాళ్ళందరికీ చెబుతున్నాను. ఎవరైనా మీకు గాజు మూత ఉన్న కోహిబా ఎస్ప్లెండిడోస్ (క్యూబా సిగార్ బ్రాండు కోహిబాలో ఒక రకం) పెట్టె చూపించి, "ఇది స్పెషల్, బయట దొరకదు" అంటే కొనకండి. అది నకిలీ. అలాంటిది కొని మోసపోయాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

అమ్మినాయన ఆన్‌లైన్‌లో పరిచయం. చాలా మర్యాదగా మాట్లాడతాడు, ఏది అడిగినా ఓపిగ్గా చెబుతాడు. అంతకుముందు రెండుసార్లు నికరాగ్వా సిగార్లు విడిగా పంపాడు, అవి నిఖార్సుగా ఉన్నాయి. ఆ నమ్మకంతోనే ఈ పెట్టె తీసుకున్నాను. ఫ్యాక్టరీలో పనిచేసే బంధువు ద్వారా నేరుగా వచ్చిందన్నాడు. అసలు ధరలో సగం కూడా అడగలేదు. నేను అక్కడే ఆగిపోవాల్సింది. ఫ్యాక్టరీ బంధువు కథ నకిలీ క్యూబన్ సిగార్లంత పాతదని తర్వాత తెలిసింది.

పెట్టె వచ్చింది. గాజు లోంచి 25 సిగార్లు వరసగా కనబడుతుంటే ముచ్చటేసింది. ఒక్కొక్కటీ తీసి, మూడు భాగాలుగా రుచి ఎలా మారుతోందో, పొగ ఎంత తేలిగ్గా వస్తోందో, బూడిద ఎంతసేపు నిలుస్తోందో ఎప్పటిలాగే నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఆరు కాల్చేసరికి నా తీర్పు తేలిపోయింది: మొదట ఘాటు, మధ్యలో చేదు, చివర గొంతు మంట. "కోహిబాది పేరు గొప్ప, ఊరు దిబ్బ" అని ఇద్దరు మిత్రులకు చెప్పాను కూడా. నా మాట విని ఒకాయన కొనాలనుకున్నది మానుకున్నాడు. డబ్బు పోయినదానికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. కాల్చనే కాల్చని సిగార్ మీద తీర్పు చెప్పి, ఇంకొకరి చేత నమ్మించాను.

ఆ రెండో మిత్రుడు నమ్మలేదు. అధీకృత దుకాణంలో కొన్న ఎస్ప్లెండిడోస్ ఒకటి తెచ్చాడు. బ్యాండ్లు (సిగార్‌కి చుట్టి ఉండే బ్రాండు కాగితాలు) తీసేసి, ఏది ఏదో తెలియకుండా రెండూ వెలిగించాం. రెండు పీల్పులకే తేడా తెలిసిపోయింది. ఒకదాంట్లో తేనె, దేవదారు చెక్క, తాజా గడ్డి లాంటి వాసనలు ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి. రెండోదాంట్లో కాలిన కాగితం వాసన తప్ప ఏమీ లేదు.

మర్నాడు నా పెట్టెలోంచి ఒకటి తీసి తెల్లకాగితం మీద పెట్టి బ్లేడుతో నిలువునా కోశాను. చేత్తో చుట్టిన మంచి సిగార్‌లో ఆకులు కాలి (వెలిగించే కొన) నుంచి తల (నోట్లో పెట్టుకునే కొన) దాకా పొడుగ్గా, మడతలు మడతలుగా ఉంటాయి. పొగ ఆ మడతల సందుల్లోంచి వస్తుంది. ఘాటైన లిగేరో ఆకు మధ్యలో ఉంటుంది, ఎందుకంటే అది నెమ్మదిగా కాలుతుంది. నేను కోసినదాంట్లోంచి మాత్రం తుక్కు రాలింది. వేలెడంత ముక్క ఒక్కటి లేదు. మధ్యలో అగ్గిపుల్లంత లావున ఒక ఈనె! పొగ ఒక్కోసారి బిగుసుకుపోవడం, ఒక్కోసారి ఒక పక్కే కాలిపోవడం, చేదు, అన్నిటికీ కారణం కళ్ళ ముందే ఉంది. (తుక్కు నింపిన సిగారే చెడ్డదని అనను. తుక్కు సిగార్ అన్న పేరుతోనే, దానికి తగ్గ ధరకే నిజాయితీగా అమ్మేవి ఉన్నాయి. ఇక్కడ అమ్మింది వేరే పేరుతో.)

అప్పుడు కూర్చుని పెట్టెను వివరంగా చూశాను. క్యూబాలో కోహిబాను అలాంటి గాజు మూత పెట్టెల్లో అమ్మరు. ఈ ఒక్క ముక్క ముందే తెలిసుంటే ఇంకేమీ చూడక్కర్లేకపోయేది. బ్యాండ్ మీద నల్లటి భాగంలో తెల్లటి చిన్న గళ్ళు వరసగా ఉండాలి. నావాటిలో అంచు దగ్గర గళ్ళు సగానికి తెగి ఉన్నాయి, ఒక్కో సిగార్‌కి ఒక్కోలా. తల దగ్గర టోపీ ఆకు క్యూబన్ పద్ధతిలో మూడు చుట్లుగా గీతలు కనబడేలా ఉంటుంది. ఇక్కడ ఒక్క అతుకే. ఎస్ప్లెండిడోస్ రింగ్ గేజ్ 47, అంటే అంగుళాన్ని 64 వంతులు చేస్తే అందులో 47 వంతుల లావు. చేతి పనిలో వెంట్రుకవాసి తేడా సహజమే కానీ, నా పెట్టెలో పక్కపక్క సిగార్లే కంటికి తెలిసేంత లావు సన్నాలు. రంగు కూడా అంతే. అసలు పెట్టెలో ముదురు నుంచి లేత వరకు వరస పేర్చి ఉంటాయి.

పెట్టె అడుగున కాల్చి వేసిన ముద్ర ఉండాలి: హబానోస్ ఎస్.ఏ. (క్యూబన్ సిగార్లు అమ్మే కంపెనీ), హెచో ఎన్ క్యూబా (క్యూబాలో తయారైంది), టోటల్‌మెంతే ఎ మానో (పూర్తిగా చేత్తో). దాని పక్కన ఫ్యాక్టరీ కోడు, నెల, సంవత్సరం. నెల స్పానిష్ పొట్టి పేరుతో ఉంటుంది, జనవరి అయితే ఎనె, ఆగస్టు అయితే అగొ. నా పెట్టె మీద అక్షరాలు గోరుతో గీస్తే ఊడొచ్చాయి. పక్కన అతికించే ఆకుపచ్చ సీలు మీద బార్‌కోడు, అంకెలు ఉంటాయి. ఆ అంకెలు హబానోస్ వెబ్‌సైట్‌లో కొట్టి చూసుకోవచ్చు. అయినా అది ఒక్కటే చాలదు. ఒక అసలు సీలు దొరికితే అదే నంబరుతో వంద సీళ్ళు అచ్చేసుకోవడం నకిలీవాళ్ళకు కష్టమేమీ కాదు.

కోహిబానే ఎందుకు ఇంతగా నకిలీ చేస్తారంటే, దాని చరిత్రే అలాంటిది. 1966లో మొదలై, చాలాకాలం కాస్ట్రోకూ, ప్రభుత్వ పెద్దలకూ, విదేశీ అతిథులకూ మాత్రమే అందింది. 1982లో గానీ బయట అమ్మకానికి రాలేదు. అరుదైనదన్న పేరు ఇప్పటికీ వదల్లేదు, దాన్నే వీళ్ళు అమ్ముకుంటున్నారు. అన్నట్టు, అమెరికాలో దొరికే డొమినికన్ కోహిబా వేరే కంపెనీది. దాన్ని ఈ మోసంతో కలపకండి.

అంతటితో అయిపోలేదు. ఆ పెట్టెను నా మిగతా సిగార్లున్న హ్యూమిడార్‌లోనే (తేమ సరిగ్గా ఉంచి సిగార్లు దాచే పెట్టె) పెట్టాను. మూడు వారాలకు వేరే రెండు సిగార్ల మీద గుండుసూదితో పొడిచినట్టు గుండ్రటి రంధ్రాలు, కింద సన్నటి పొడి. పొగాకు పురుగు. ఎన్నాళ్ళుగానో దాచుకున్నవి పదకొండు పారేశాను. మిగిలినవి సంచుల్లో మూసి ఫ్రీజర్‌లో పెట్టి, తర్వాత ఫ్రిజ్‌లోకి మార్చి నెమ్మదిగా బయటికి తీశాను. కొత్తగా వచ్చిన పెట్టె ఏదైనా సరే, కొన్నాళ్ళు విడిగా ఉంచండి.

అమ్మినాయనకు ఫోటోలు పంపితే, ముందు "మీరు తేమ సరిగ్గా పెట్టలేదు" అన్నాడు. నా హ్యూమిడార్ 65 నుంచి 70 శాతం మధ్య కదలదు, ఆ రీడింగులూ పంపాను. "ఈ బ్యాచ్ ఇంతే" అన్నాడు. కోసిన సిగార్ ఫోటో పంపాక బ్లాక్ చేశాడు. నేను డబ్బు నేరుగా బదిలీ చేశాను కాబట్టి వెనక్కి తెచ్చుకునే దారి లేకపోయింది. కార్డుతో కట్టి ఉంటే బ్యాంకుకు ఫిర్యాదు చేసే వీలైనా ఉండేది.

మిగిలిన 17 సిగార్లను ఎవరికీ ఇవ్వకుండా నీళ్ళలో నానబెట్టి పారేశాను. నోటుపుస్తకంలో ఆ ఆరు పేజీలు కొట్టేశాను. కొనడం మానుకున్న మిత్రుడికి ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. ఖాళీ పెట్టె, బ్యాండ్లు మాత్రం దాచాను. మీ దగ్గరున్న పెట్టె మీద అనుమానం ఉంటే అడుగు భాగం, సీలు, రెండు మూడు బ్యాండ్లు దగ్గరగా ఫోటో తీసి పంపండి. నా పెట్టె పక్కన పెట్టి చూసి చెబుతాను.